రక్తం మాది, రిపోర్టు మాత్రం ఎవరిదో

ఇప్పుడే మా పిన్ని ఫోన్ పెట్టేసింది. ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇది పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్ళు పైకి జరుపుకోండి.

ఉద్దానంలో, కవిటి మండలంలోని మా ఊరికి కిడ్నీ జబ్బు మీద పరిశోధన అంటూ మళ్ళీ ఒక టీం వచ్చిందట. పరగడుపున ఉండమని ముందురోజే చాటింపు వేయించి, తీరా ఎండ ముదిరాక కారు దిగారు. రక్తం, మూత్రం, బోరు నీళ్ళు, ఆఖరికి పొలంలో మట్టి కూడా సీసాల్లోకి ఎత్తుకున్నారు. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టారు. "రిపోర్టు ఎప్పుడిస్తారు బాబూ" అని పిన్ని అడిగితే, ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు "ఇది రీసెర్చ్ అమ్మా, రిపోర్టులుండవు" అన్నాడట.

రిపోర్టులుండవట!

"ఏటిరా ఇది? పోయినసారి వచ్చినోలకీ ఇచ్చినాను, అంతకుముందోలకీ ఇచ్చినాను. నా రగతం ఏటి సేసుకుంతన్నారు ఈలు?" అంటుంది పిన్ని. ఏం చెప్పను? పేపర్లు రాసుకుంటున్నారు పిన్నీ, నీ రక్తంతో ఒకాయన ప్రొఫెసర్ అయ్యాడు, ఇంకొకాయన విమానం ఎక్కి కాన్ఫరెన్సుకి వెళ్ళి నీ ఊరి మ్యాపు తెర మీద చూపించాడు. నువ్వు అందులో ఎర్ర చుక్కవి.

ఉద్దానం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, హైదరాబాద్ మిత్రుల కోసం. శ్రీకాకుళం తీరంలో ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస. చూడ్డానికి పచ్చగా ఉంటుంది, వెంటనే ఫొటోలు తీసుకుంటారు. అక్కడ షుగర్ లేని, బీపీ లేని మనిషికి, రోజంతా పొలంలో ఒళ్ళొంచి పనిచేసే మనిషికి కిడ్నీలు పాడైపోతాయి. నొప్పి ఉండదు. మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు, కాబట్టి మామూలు పరీక్షకి దొరకదు. అన్నం సయించక, కాళ్ళు వాచి ఆస్పత్రికి వెళ్ళేసరికి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తంలో చూసి చెప్పే క్రియాటినిన్, ఒకటికి అటూ ఇటూ ఉండాల్సింది, ఏడో ఎనిమిదో ఉంటుంది. ఇక డయాలిసిసే. మా చిన్నాన్న అలాగే పోయాడు.

ఇప్పుడు చెప్పండి. ముందే పట్టుకోవాలంటే క్రియాటినిన్ చూడటం తప్ప దారి లేదు. ఆ అంకె ఆ టీం దగ్గర ఉంది. మా పిన్నికి ఎంతుందో వాళ్ళ ల్యాప్‌టాప్‌కి తెలుసు, మా పిన్నికి తెలియదు. దీన్ని ఇంగ్లీషులో సైన్స్ అంటారు, మా ఊళ్ళో దొంగతనం అంటారు.

కారణం కనిపెట్టారా అంటే అదీ లేదు. ఒకరు నీళ్ళలో సిలికా అంటారు, ఒకరు పురుగుమందులు, ఒకరు ఎండదెబ్బ, ఒకరు నొప్పి మాత్రలు. ఏ టీం వచ్చినా తను నమ్మినదాన్ని ముందే సంచిలో పెట్టుకుని వస్తుంది. శ్రీలంకలో అనురాధపుర వైపు రైతులకి ఇదే జబ్బు. అక్కడ 2015లో గ్లైఫోసేట్ కలుపుమందుని నిషేధించారు, మూడేళ్ళకి టీ, రబ్బరు తోటల కోసం మళ్ళీ సడలించారు. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరుకు కూలీలకీ ఇదే. కనీసం అక్కడ కొన్ని తోటల్లో కూలీలకి నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చి చూశారు. మా దగ్గర నీడ గురించి ఎవడు మాట్లాడాడు? ఉన్న కొబ్బరి చెట్లని 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పీకేసింది, దాంతో ఆ కాస్త నీడా పోయింది.

ఇంకో సరదా సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఉష్ణమండల దేశాల్లో ఎవరూ పట్టించుకోని జబ్బుల జాబితా ఒకటి ఉంది. పాముకాటు 2017లో ఎక్కింది, నోటినీ ముఖాన్నీ తినేసే నోమా 2023 చివర్లో ఎక్కింది. మాది అందులోనూ లేదు. పట్టించుకోని జబ్బుల్లో కూడా పట్టించుకోనిదన్నమాట, ఎంత గొప్ప!

1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా దోమల వల్ల వస్తుందన్న గుట్టు విప్పాడు కదా, ఏటా ఆగస్టు 20న దోమల దినమని దండలు వేస్తాం. ఆ దోమల చేత కుట్టించుకున్నది హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకి ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బులిచ్చాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది, హుసేన్ ఖాన్ ఏమయ్యాడో ఎవరికీ అక్కర్లేదు. సరే, తెల్లదొర. కానీ ఆ దొర కూడా అణా ఇచ్చాడండీ! మనవాళ్ళు బిస్కెట్ ప్యాకెట్‌తో సరిపెట్టారు.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కట్టారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు, డయాలిసిస్ వాళ్ళకి పింఛను ఇస్తున్నారు. కాదనను. ఏ పార్టీ ఏం చేసిందో కింద కొట్టుకోకండి, నాకు ఇప్పుడు ఆ ఓపిక లేదు.

అసలు నా మంట ఇంకొకటి ఉంది. ఈ టీంలు పేపర్లో "ఉద్దానం" అని పెద్దక్షరాలతో రాసి పోతారు, టీవీవాళ్ళు ఏడుపు సంగీతం పెట్టి చూపిస్తారు, ఆ మచ్చ మోసేది మేము. మా మావయ్యగారి అమ్మాయికి విశాఖలో సంబంధం కుదిరింది. డిగ్రీ చదివింది, ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి తల్లి మెల్లిగా "ఏమీ అనుకోకండి వదినగారూ, మీ వైపు కదా, అమ్మాయికి కిడ్నీ టెస్ట్ ఒకటి చేయిస్తే..." అంది. వాళ్ళబ్బాయికి ఏ టెస్టూ అక్కర్లేదు, ఆయన విశాఖ నీళ్ళు తాగాడు కాబట్టి పవిత్రుడు. మావయ్య తలొంచుకుని ల్యాబ్‌కి తీసుకెళ్ళాడు. కొద్ది వందల రూపాయలు, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో రిపోర్టు. అంతా నార్మల్. అయినా సంబంధం తప్పిపోయింది, జాతకం కలవలేదట.

వీధి చివరి ల్యాబ్ సాయంత్రానికి ఇవ్వగలిగిన అంకెని, కోట్ల గ్రాంటు ఉన్న పెద్ద సంస్థ ఏళ్ళు గడిచినా ఇవ్వలేదా? ఇవ్వలేక కాదు, మేం అడగమని ధీమా.

కామెంట్లలో "నీళ్ళు మరిగించి తాగండి బ్రో" అని సలహా ఇచ్చేవాళ్ళకి ముందే చెప్తున్నా: మరిగిస్తే క్రిములు చస్తాయి, సిలికా చావదు. బ్లాక్ చేస్తాను.