డాక్టరు గారి గడప ముందు చెప్పుల లెక్క

మా వీధి చివర ఉన్న డాక్టరు గారు బాగా సంపాదిస్తున్నారన్న విషయంలో మా వీధిలో ఎవరికీ అనుమానం లేదు. అనుమానమల్లా ఎంత అన్నదే. పాలవాడు నెలకి ఐదు లక్షలంటాడు. ఇస్త్రీ బండి అతను మాత్రం డాక్టరు గారి చొక్కా కాలర్లన్నీ అరిగిపోయాయని సాక్ష్యం చెప్పి, ఆ వెంటనే "దాచుకునేవాళ్ళు అలాగే ఉంటార్లెండి" అని తీర్పు కూడా ఇచ్చేశాడు. విజయవాడ లాంటి ఊరు ఇలా గాలి కబుర్ల మీద నడవకూడదు. ట్రెజరీలో ముప్ఫై మూడేళ్ళు బిల్లులకు కొర్రీలు వేసి వెనక్కి పంపిన అనుభవం నాది. అందుచేత ప్రజా ప్రయోజనం దృష్ట్యా నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకున్నాను. మా ఆవిడ అభ్యంతరం నమోదు చేసుకుని తోసిపుచ్చాను.

విచారణ జులై 1న మొదలైంది. ఆ రోజు డాక్టర్ల దినోత్సవం. ఆ దినోత్సవానికి మూలమైన డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ 1882లో పుట్టిందీ, 1962లో పోయిందీ ఆ తేదీనే. చార్టర్డ్ అకౌంటెంట్ల దినోత్సవం కూడా సరిగ్గా అదే రోజు. డాక్టర్నీ ఆడిటర్నీ దేశం ఒకే తేదీకి కట్టేసిందంటే, వాళ్ళ లెక్కలు కాస్త చూడండయ్యా అని నాలాంటివాడికి సైగ చేసినట్టే కదా.

డాక్టరు గారి పద్దు పుస్తకం నాకు ఎవరు చూపిస్తారు? కనక ఎదురుగా టీ బంకు బల్ల మీద కూర్చుని, క్లినిక్ గడప ముందు విడిచిన చెప్పులు లెక్కపెట్టాను. పొద్దున పది నుంచి ఒంటిగంటన్నర దాకా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా. మొత్తం 41 జతలు. ఫీజు రెండు వందలు. రోజుకి 8,200. ఆదివారాలు తీసేసి నెలకి ఇరవై ఆరు రోజులనుకుంటే 2,13,200. ఏడాదికి పాతిక లక్షల పైమాటే! టీ బంకతను కూడా గ్లాసు కడగడం ఆపి నోరు తెరిచాడు. "ఒట్టి ఎంబీబీఎస్‌కే అంతా?" అన్నాడు.

ఈ "ఒట్టి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నాలుగున్నరేళ్ళు చదివి, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ చేసి, శవాన్ని కోసి, కాన్పులు చేసి బయటికొచ్చిన మనిషిని మనం "ఒట్టి" అంటాం. ఒట్టి అన్నం, ఒట్టి నేల, ఒట్టి ఎంబీబీఎస్. కూర లేకపోతే అన్నం ఎలా దిగదో, పక్కన ఎండీ అనో డీఎం అనో లేకపోతే డాక్టరు కూడా మనకి అలాగే దిగడు. 1946లో, వైద్య వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పమని వేసిన భోర్ కమిటీ ఈ దేశానికి కావలసింది జనం మధ్య ఉండి అన్ని రోగాలూ చూసే ఒకే రకం డాక్టరని, తక్కువ కాలం చదివే ఎల్.ఎం.పి. కోర్సులు అక్కర్లేదని చెప్పింది. ఎల్.ఎం.పి. డాక్టర్లు పోయారు. ఆ ఖాళీలోకి మన పల్లెల్లో ఆర్.ఎం.పి.లు వచ్చారు. చట్టంలో ఈ మూడక్షరాలకి అర్థం రిజిస్టరైన వైద్యుడని. మన ఊళ్ళలో రిజిస్టరు కాని వైద్యుడని. ఏ డిగ్రీ లేని ఆయన్ని మాత్రం "ఒట్టి ఆర్.ఎం.పి." అని ఎవరూ అనరు. బండి మీద ఇంటికొచ్చి, అడక్కముందే సూది వేస్తాడు కాబట్టి "మా డాక్టరు" అంటారు.

సరే, విచారణలోకి వద్దాం. ట్రెజరీ అలవాటు కనక మర్నాడు చెప్పుల తనిఖీ చేశాను. అంటే ఏ జత ఎవరిదో లోపలికెళ్ళి చూశాను. అదృష్టం కొద్దీ ఆ రోజూ 41 జతలే ఉన్నాయి. అందులో 19 తోడొచ్చినవాళ్ళవి. మనకి జ్వరం ఒక్కరికే వస్తుంది గానీ డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్ళరు. ఆరు జతలు "మళ్ళీ చూపించుకోవడానికి" వచ్చినవాళ్ళవి. ఒకసారి చీటీ రాయిస్తే వారం లోపు ఎన్నిసార్లొచ్చినా ఫీజు లేదని డాక్టరు గారు బోర్డు పెట్టి, తన గొయ్యి తనే తవ్వుకున్నారు. మూడు జతలు "చీటీ వద్దు, ఒక్క మాట అడిగి పోతాం" అన్నవాళ్ళవి. వాళ్ళ ఒక్కో మాట పావుగంట నడిచింది. రెండు జతలు కాంపౌండరువీ, నర్సమ్మవీ. మిగిలిన పదకొండులో రెండు ఇంటి ఓనరు తాలూకు, వాళ్ళని డబ్బు అడగడం చట్టరీత్యా నేరం కాకపోయినా అద్దెరీత్యా నేరం. మెడికల్ రెప్‌లు నలుగురున్నారు గానీ వాళ్ళు బూట్లు విప్పరు కనక లెక్కలోకి రాలేదు.

ఇక మిగిలింది తొమ్మిది. తొమ్మిది రెండొందలు పద్దెనిమిది వందలు. నెలకి 46,800. ఆదాయపు పన్ను చట్టంలో ఒక వెసులుబాటుంది. డాక్టర్ల లాంటి వృత్తివాళ్ళు లెక్కలు రాసుకోలేకపోతే, వచ్చినదాంట్లో సగం ఆదాయం అని చూపించి పన్ను కట్టుకోవచ్చు. ఆ లెక్కన మా డాక్టరు గారి సంపాదన 23,400. గది అద్దె, కాంపౌండరు జీతం, నర్సమ్మ జీతం, కరెంటు, వాడేసిన సూదులూ దూదీ పట్టుకెళ్ళే బండివాళ్ళకి కట్టేది కలిపితే ఆ సగం ఖర్చు చాలదని కాంపౌండరు గుసగుసగా చెప్పాడు. కమిషన్‌కి ఇక్కడ మతి పోయింది. ఏడాదికి పాతిక లక్షలు తేలాల్సిన చోట, మా అపార్టుమెంటు వాచ్‌మన్ దంపతులిద్దరి రాబడి తేలింది.

మరి డాక్టరు గారికి ఇల్లుంది కదా? కారుంది కదా? పాతదే అనుకోండి, తలుపు గట్టిగా వేస్తే అద్దం దిగిపోతుంది, అయినా కారు కారే.

జవాబు నా కళ్ళెదుటే ఉంది, చెప్పుల మీదే చూపు పెట్టి గమనించలేదు. క్లినిక్‌కి కుడి పక్క మందుల షాపు డాక్టరు గారి బావమరిదిది. ఎడమ పక్క రక్తపరీక్షల ల్యాబు. గడప దగ్గర రెండొందలు తియ్యడానికి మూడు జేబులు తడుముకున్న మనిషే, కుడి పక్కకి వెళ్ళి పద్నాలుగు వందలకి బేరమాడకుండా సంచి నింపుకుంటున్నాడు. అందులో బలానికి టానిక్కు, ఆ టానిక్కు అరగడానికి ఇంకో సీసా. మాట చెప్పినందుకు డబ్బు ఇవ్వడం మనకి మహా కష్టం. చేతికి సీసా వస్తే ఎంతైనా ఇస్తాం. డాక్టరు గారు ఈ సంగతి ఏనాడో గ్రహించి, తన మాటని సీసాల్లో పోసి అమ్ముకుంటున్నారు. అందులో తప్పు ఎవరిదో రాయబోయి, మా ఇంట్లో అల్మరా తెరిచి చూసి, ఆ పేరా కొట్టేశాను.

కమిషన్ తన సొంత వాంగ్మూలం కూడా నమోదు చేయాలి. పోయినేడు నాకు జ్వరమొచ్చింది. డాక్టరు గారు నాలుక చూశారు, పొట్ట నొక్కారు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమన్నారు. పది నిమిషాలు ప్రశ్నలడిగి, "వైరల్ జ్వరం అండీ. పారాసిటమాల్ ఉంటే వేసుకోండి. మజ్జిగ బాగా తాగండి. మూడు రోజులు పడుకోండి. తగ్గకపోతే రండి" అన్నారు. చీటీ మీద ఒకే ఒక్క పేరు. సూది లేదు. నేను కుర్చీ లోంచి లేవలేదు. "అంతేనా?" అన్నాను. "అంతే" అన్నారు. "వంకాయ తినొచ్చా?" అని అడిగాను, కనీసం పథ్యమైనా గిట్టుబాటు చేసుకుందామని. "నిరభ్యంతరంగా" అన్నారు. రెండొందలు తీసుకుని వంకాయ కూడా మానిపించని వాడు ఏం డాక్టరు? ఆయన హస్తవాసి పోయిందని ఆ సాయంత్రమే వీధంతా చెప్పాను.

తర్వాత ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. పేరు అప్రస్తుతం. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. అక్కడే సగం జ్వరం తగ్గింది. చేతికి పట్టీ కట్టారు, రక్తం ఐదు గొట్టాల్లో తీశారు, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగు. టోకెన్ నంబరు పిలిచాక ఒక కుర్రాడు నా వంక చూడకుండా కంప్యూటరు వంక చూసి, "వైరల్ ఫీవర్ అంకుల్, రెస్ట్ తీసుకోండి, లిక్విడ్స్ తాగండి" అన్నాడు. బిల్లు 6,400. మనసు ఎంత నిండిపోయిందో చెప్పలేను. ఇంటికొచ్చి మజ్జిగనే లిక్విడ్ అనుకుని తాగాను, మూడో రోజుకి లేచి కూర్చున్నాను. ఆ ఫైలు ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకి చూపిస్తుంటాను.

ప్రభుత్వాలదీ నా బుద్ధే. పులివెందులలో రూపాయి డాక్టరుగా పేరు తెచ్చుకున్న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ పెట్టారు. జబ్బు ముదిరి పెద్దాసుపత్రిలో పడి, జాబితాలో ఉన్న చికిత్స చేయించుకుంటే ఖజానా డబ్బు కడుతుంది. మంచి పనే, ఎందరో బతికారు. ముదరకుండా వీధి చివరే ఆపిన డాక్టరు పేరు మాత్రం ఆ జాబితాలో ఉండదు. జరగని ఆపరేషనుకి బిల్లు ఏ ఫారంలో పెడతారు? ట్రెజరీవాడిగా చెబుతున్నా, ఆ బిల్లు నా బల్ల మీదకొచ్చినా కొర్రీ వేసి వెనక్కి పంపేవాణ్ణి.

డాక్టరు గారి జీవనశైలి మీద కూడా వాకబు చేశాను. మధ్యాహ్నం భోజనం మూడింటికి. అందరినీ రోజూ నడవమని చెప్పే ఆయన పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునే ఉంటారు. ఆయనకీ షుగరుంది. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో రిపోర్టులొస్తాయి, వెనకాలే రెండు ప్రశ్నార్థకాలొస్తాయి. పెళ్ళిళ్ళలో ఆయన విస్తట్లో పులిహోర పడేలోపే పక్కవాడు నోరు తెరిచి పుండు చూపిస్తాడు. ఆ మధ్య ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ ఆయన చేతికి మణికట్టు అందించి "నాడి ఎలా ఉంది సార్" అన్నాడు. ఆయన ఎడమ చేత్తో నాడి పట్టుకుని కుడి చేత్తో బొబ్బట్టు తిన్నారు. ఈ వైభోగం ఎంతమందికి దక్కుతుంది?

కూతురు కూడా డాక్టరే. 2018లో ఎంబీబీఎస్‌లో చేరింది. చేరినప్పుడు హెల్త్ యూనివర్సిటీకి ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు. పేరు రెండుసార్లు మారింది గానీ ఆ పిల్ల "ఒట్టి" మాత్రం మారలేదు. ఇప్పుడు పైచదువు సీటు కోసం రాసే నీట్ పీజీకి గదిలో తలుపేసుకుని చదువుతోంది. 2023లో పీజీ కౌన్సెలింగుకి అర్హత సున్నా పర్సెంటైల్‌కి, అంటే పరీక్ష రాసిన వాళ్ళందరికీ అర్హతే అనేదాకా, దించినా, అడిగిన సీటు అడిగిన చోట దొరకదు కదా. నాన్న క్లినిక్‌లో కూర్చోవచ్చు కదమ్మా అని అడిగాను. "అంకుల్, మీరు టీ బంకు దగ్గర కూర్చుని చెప్పులు లెక్కపెడుతున్నారట కదా. ఎన్ని తేలాయి?" అంది. తొమ్మిది అని చెప్పాను. తలుపు వేసుకుంది.

చట్టం సంగతి కూడా చూశాను. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందకి తెచ్చింది. రెండొందలు ఇచ్చిన నేను వినియోగదారుణ్ణి. అందులో ఇంకో ముచ్చట ఉంది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే చోట, ఆ ఉచితం వాళ్ళు కూడా వినియోగదారులే. అంటే ఇంటి ఓనరు మరదలూ, ఒక్క మాట అడిగి పోయేవాళ్ళూ కూడా కేసు వెయ్యొచ్చు. ఈ మాట ఎందుకో నాకు చాలా ధైర్యాన్నిచ్చింది.

నివేదికలో సిఫారసుల భాగం ఇంకా రాయలేదు. సాయంత్రం తీరిక లేదు. పోయిన బుధవారం గొంతు నొప్పని డాక్టరు గారి దగ్గర చీటీ రాయించాను, ఇవాళ మంగళవారం, ఉచితానికి ఆఖరి రోజు. గొంతు నొప్పి గురువారమే తగ్గిందనుకోండి. తెనాలి నుంచి మా బావమరిది మోకాలు నొప్పని వచ్చాడు, ఎలాగూ వెళ్తున్నాం కదా అని వాణ్ణి కూడా తీసుకెళ్తున్నాను. మంచి చెప్పులు వేసుకోవద్దని చెప్పాను. ఆ గడప దగ్గర రద్దీ ఎక్కువ, పోయే ప్రమాదముంది.