డైట్ అయిపోయిన మర్నాడు

కఠినమైన డైట్ మొదలుపెట్టే రోజుకి అందరి దగ్గరా ప్లాన్ ఉంటుంది. ఏం తినాలి, ఎన్నింటికి తినాలి, ఏమేం మానేయాలి, ఎన్ని వారాల్లో ఎన్ని కిలోలు తగ్గాలి, అన్నీ కాగితం మీద పెట్టుకుంటాం. డైట్ అయిపోయిన మర్నాడు పొద్దున్నే ఏం తినాలన్నది మాత్రం ఆ కాగితంలో ఉండదు. తగ్గిన బరువు నిలుస్తుందా, తిరిగొస్తుందా అన్నది తేలేది ఆ మర్నాటి నుంచే. అసలు ప్లాన్ వేసుకోవాల్సింది దానికే అని నా అభిప్రాయం.

నేనూ అలాంటి కాగితాలు మూడుసార్లు రాసుకున్నాను. మూడోసారి సంగతి బాగా గుర్తుంది. పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో, చేతి గడియారం కూడా తీసి పక్కన పెట్టి, వెయింగ్ మిషన్ ఎక్కేవాణ్ణి. అంకె అటూ ఇటూ ఊగి ఆగేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. నిన్నటికన్నా 300 గ్రాములు ఎక్కువ చూపిస్తే ఆ రోజంతా మూడ్ పోయేది, ఇంట్లోవాళ్ల మీద విసుక్కునేవాణ్ణి. ముందురోజు ఉప్పు కాస్త ఎక్కువ పడినా ఒంట్లో నీరు నిలిచి అంతకు మించే బరువు పెరుగుతుందని నాకప్పుడు తెలియదు. నాలుగు నెలల్లో 9 కిలోలు తగ్గాను. ఏడాది తిరిగేసరికి ఆ తొమ్మిదీ వచ్చేశాయి, పైన ఇంకో రెండు. నాకు మనోబలం లేదు, అంతే, అనుకుని సిగ్గుపడ్డాను. ఇప్పటికీ ఎంతోమంది అలాగే సిగ్గుపడుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

ఆకలి మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆయుధం పట్టబోమని చెప్పి, దానికి బదులుగా ఇలాంటి సేవకు ముందుకొచ్చిన 36 మంది యువకులు అందులో పాల్గొన్నారు. అందరూ ఆరోగ్యవంతులే. 24 వారాల పాటు వాళ్లకి రోజుకి సుమారు 1,600 కేలరీల తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిపించారు. ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. బరువు సంగతి అలా ఉంచితే, వాళ్ల బుద్ధి ఏమైందో చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. రోజంతా తిండి గురించే మాట్లాడుకునేవారు. వంటల పుస్తకాలు తెచ్చుకుని నవలల్లా చదివేవారు. పళ్లేలు నాకేవారు. చదువు మీదా, స్నేహాల మీదా ధ్యాస ఉండేది కాదు. ఆంక్షలు తీసేశాక కొందరు కడుపు పట్టనంత తిని కూడా ఇంకా ఆకలేస్తోందనేవారు.

వాళ్లు సన్నటి కుర్రాళ్లు, మనలో చాలామంది అధిక బరువుతో మొదలుపెడతాం, ఆ తేడా ఉంది. అయినా ఒక్కసారి పోల్చి చూడండి. ఇవాళ ఎంతోమంది చేతుల్లో తిరిగే డైట్ చార్టుల్లో రోజుకి 1,200 కేలరీలే రాసి ఉంటాయి. ఆకలి ప్రయోగంలో పెట్టిన తిండికన్నా అది తక్కువ.

శరీరం వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. మనం డైట్ అని పిలుచుకునేదాన్ని అది కరువు అనుకుంటుంది. కరువొస్తే ఏ ఇల్లైనా ఖర్చు తగ్గించుకున్నట్టు, శరీరం కూడా తగ్గించుకుంటుంది. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. కెవిన్ హాల్ బృందం 2016లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం వాళ్లు సగటున 58 కిలోలు తగ్గితే అందులో 41 కిలోలు తిరిగొచ్చాయి. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. వాళ్ల వయసుకీ, శరీర పరిమాణానికీ ఊరికే పడుకున్నా ఎన్ని కేలరీలు ఖర్చవ్వాలో, అంతకన్నా రోజుకి 500 దాకా తక్కువ ఖర్చవుతున్నాయి. అంటే ఒకే బరువున్న ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకేలా తింటే, కఠినంగా డైట్ చేసి వచ్చిన మనిషి లావవుతాడు, రెండో మనిషి కాడు. అది చూసి మనం మొదటివాడికి ‘నోరు కట్టేసుకోలేడు’ అని పేరు పెడతాం. ఎంత అన్యాయం!

ఆకలి హార్మోన్లదీ అదే కథ. ఆస్ట్రేలియాలో 50 మందితో 10 వారాల కఠిన డైట్ చేయించిన అధ్యయనం 2011లో వచ్చింది. డైట్ మొదలైన ఏడాది తర్వాత చూసినా, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగే ఉంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గే ఉంది. పది వారాలతో డైట్ అయిపోయిందని మనం అనుకుంటాం, శరీరం మాత్రం ఇంకా కరువులోనే ఉంటుంది.

మనసు సంగతికొస్తే, అందరికీ తెలిసిన సన్నివేశమే. ఒక బిస్కెట్ తినకూడదనుకుంటాం. తింటాం. తిన్నాక ‘ఎలాగూ పాడైపోయింది, రేపట్నుంచి చూద్దాం’ అనుకుంటూ పాకెట్ మొత్తం ఖాళీ చేస్తాం. రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు కూడా వెయ్యకుండా, ఫ్రిజ్ తలుపు వెలుతుర్లో నిలబడి, రుచి కూడా తెలియనంత గబగబా తిన్న రాత్రులు నాకున్నాయి. ఇది నా ఒక్కడి జబ్బనుకున్నాను. 1975లోనే హెర్మన్, మ్యాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగంలో చూపించారు. ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ ఎంత కావాలంటే అంత తినమన్నారు. మామూలుగా తినేవాళ్లు షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించుకున్నారు. తిండి విషయంలో ఎప్పుడూ ఒళ్లు దగ్గర పెట్టుకునేవాళ్లు, షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. రూల్ ఒక్కసారి తెగిపోయాక ఇంక ఆగడానికి కారణం కనపడలేదన్నమాట. రూల్ ఎంత బిగుతుగా ఉంటే తెగినప్పుడు దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. ఆ బిస్కెట్ మీద మొదట్నుంచీ నిషేధమే లేకపోతే తెగేదేముంది?

ఏ డైట్ గొప్పదన్న గొడవలోకి నేను ఎక్కువ వెళ్లను. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని రెండు జట్లుగా చేసి ఏడాది పాటు ఒకరికి కొవ్వు తగ్గించి, ఇంకొకరికి పిండిపదార్థాలు తగ్గించి చూస్తే, 2018లో తేలింది ఇదీ: సగటున ఒక జట్టు 5.3 కిలోలు, ఇంకో జట్టు 6 కిలోలు తగ్గాయి. చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి జట్టులోనూ బాగా తగ్గినవాళ్లూ ఉన్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు.

నాకు అసలు కోపం ఆ రెండు ఫొటోల మీద. ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని పక్కపక్కన పెడతారు చూడండి, అవి. రెండో ఫొటో తీసేది డైట్ ఆఖరి రోజున. రెండేళ్ల తర్వాత తీసిన మూడో ఫొటో ఎవరూ పెట్టరు. ప్రోగ్రామ్ అమ్మేవాళ్లు పెట్టరు, బరువు తిరిగొచ్చినవాళ్లు సిగ్గుతో పెట్టరు. దాంతో కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కంటికి ఆ రెండే కనపడతాయి. మన మెచ్చుకోళ్లు కూడా అలాంటివే. నెలలో ఆరు కిలోలు తగ్గినవాణ్ణి చుట్టూ చేరి పొగుడుతాం. ఏడాదిగా రోజూ నడుస్తూ, బీపీ అదుపులో పెట్టుకున్న మనిషిని చూసి ఏమీ అనం, ఎందుకంటే కంటికి ఏమీ కనపడదు.

మరి ఆ మర్నాడు ఏం చేయాలి?

మొట్టమొదట, భయపడకూడదు. మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే రెండు మూడు రోజుల్లో కిలో, కిలోన్నర పెరుగుతుంది. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది, దాని ప్రతి గ్రాముతోనూ సుమారు 3 గ్రాముల నీరు నిలుస్తుంది. డైట్ మొదటి వారంలో చకచకా తగ్గింది చాలావరకూ ఈ నీరే, ఇప్పుడు తిరిగొచ్చిందీ అదే. ఇది తెలియక ఎంతోమంది ఆ మూడో రోజున హడలిపోయి మళ్లీ డైట్‌లోకి దూకుతారు. నేనూ రెండుసార్లు ఆ మూడో రోజునే మళ్లీ పస్తులు మొదలుపెట్టాను.

రెండోది, వేళకు తినడం. కేలరీల లెక్క పక్కన పెట్టి, రోజూ అదే వేళకు, కడుపు నిండేలా తినాలి. కూరగాయలు, పప్పులు, పళ్లు పళ్లెంలో ఎక్కువ చోటు తీసుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన పాకెట్ తిండి ఇంట్లోకి రావడం తగ్గించుకోవాలి. 2019లో 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టి చూశారు. ఎంత కావాలంటే అంత తినొచ్చన్నారు. పాకెట్ తిండి తిన్న వారాల్లో వాళ్లకి తెలియకుండానే రోజుకి 500 కేలరీలు ఎక్కువ లోపలికెళ్లాయి. ఇక్కడ కూడా నిషేధం పెట్టుకోవద్దంటాను. కనపడితే చెయ్యి వెళ్తుంది కాబట్టి కనపడకుండా చూసుకుంటే చాలు.

నిద్ర గురించి ఒక్క మాట. 2004లో షికాగోలో 12 మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిస్తే, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది. నిద్ర చంపుకుని తెల్లవారుజామున జిమ్‌కి పరిగెత్తేవాళ్లు దీని గురించి ఆలోచించాలి.

ఇక కదలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటోంది. కఠిన డైట్‌లో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి ఆ రెండు రోజులూ చాలా ముఖ్యం. అమెరికాలో 1994 నుంచి, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు నమోదు చేస్తున్నారు. పది వేల మందికి పైగా ఉన్న ఆ జాబితాలో అత్యధికులు రోజుకి సుమారు గంట నడకో, వ్యాయామమో చేస్తారు. వాళ్లంతా గెలిచినవాళ్లే, ఓడినవాళ్లు ఆ జాబితాలో లేరు, కాబట్టి అదే మందు అని చెప్పలేం. అయినా ఏళ్ల తరబడి చేసేది ఎలా ఉంటుందో అందులో కనపడుతుంది.

ఇదంతా అలవాటు కావడానికి ఎంతకాలం? 21 రోజులన్న మాట బాగా ప్రచారంలో ఉంది, నమ్మొద్దు. లండన్‌లో 96 మంది మీద చేసిన అధ్యయనంలో కొందరికి 18 రోజులు సరిపోయాయి, కొందరికి 254 రోజులు పడుతుందని అంచనా వేశారు. మధ్యస్థంగా 66 రోజులు. అందులో నాకు ఎంతో ఊరటనిచ్చింది ఇది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. ‘ఎలాగూ పాడైపోయింది’ అన్న మాటకి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఇంత నెమ్మదిగా చేస్తే లాభమేంటని అడిగేవాళ్లకి 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గుర్తుచేస్తాను. షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న 3,234 మందిలో ఒక జట్టుకి పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. ఆ జట్టులో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్న జట్టులో తగ్గింది 31 శాతం. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. ఫొటోలో అది కనపడను కూడా కనపడదు. ఇప్పటికే షుగర్ మందులు వాడుతున్నవాళ్లు, తిండంటే భయం పట్టుకున్నవాళ్లు మాత్రం ఏ మార్పైనా డాక్టర్‌తో మాట్లాడాకే చేయాలి.

పోయిన వారం ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. రెండు నెలల డైట్ ఆ రోజుతో అయిపోయిందట, ఏడు కిలోలు తగ్గిందట. సంతోషంగా లేదు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ‘రేపు పొద్దున్న ఏం తినను?’ అంది. నన్ను ఎవరూ అడగని, నేనూ ఎవర్నీ అడగని ప్రశ్న అది. ఎనిమిదింటికి కూర్చుని, వేడివేడిగా, నీకిష్టమైంది కడుపు నిండా తిను, వెయింగ్ మిషన్ మాత్రం ఒక పది రోజులు బీరువాలో పెట్టెయ్ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘నిజంగా తినొచ్చా?’ అంది. తినొచ్చన్నాను. మర్నాడు ఎనిమిదింటికి నేనే ఫోన్ చేశాను. తింటోంది.