నీడ మాయమయ్యే రోజును వదిలేశారు

పసిపిల్లలకు సౌరశక్తిని ఆటలుగా నేర్పించాలన్న మీ వ్యాసం బాగుంది. అట్టపెట్టె పొయ్యిలో చాక్లెట్ కరిగించే ప్రయోగం మాత్రం మా తిరుపతి ఎండకు నప్పదండీ. మనవరాలితో మేడమీద చేయించాను. పెట్టెలోని ముక్కా కరిగింది, బయట పళ్లెంలో పెట్టిన ముక్కా కరిగింది. "మరి పెట్టె ఎందుకు తాతయ్యా?" అంది! మరునాడు రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదానికి నల్ల కాగితం చుట్టి ఎండలో ఉంచాం. గంట తరువాత వేళ్లు ముంచి తేడా తానే చెప్పింది.

మీరు రాయనిది ఒకటుంది. ఏప్రిల్ చివరి వారంలో ఒక రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటిన పది నిమిషాలకు, ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆగస్టులో మళ్లీ ఒకసారి. ఖర్చు లేని ప్రయోగం, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకండి, భూతద్దం చేతికివ్వకండి. కాస్త పెద్ద పిల్లలైతే తిరుమలలో అన్నప్రసాదం వంటకు అద్దాల పళ్లేలతో ఎండను ఒడిసిపట్టి ఆవిరి తయారుచేసిన సంగతీ చెప్పవచ్చు.