కీర్తిశేషులు టెలిగ్రాం గారికి

అయ్యా,

ఆమదాలవలస దగ్గర పల్లె నుంచి తమరి పాత ఖాతాదారు రాసుకుంటున్నది. 2013 జులైలో తమరు కాలం చేసినప్పుడు దేశమంతా జనం క్యూలు కట్టి, జ్ఞాపకంగా దాచుకోవడానికి ఆఖరి టెలిగ్రాములు కొట్టించుకున్నారు. మా ఇంట్లో ఎవరూ కదల్లేదు. మా అమ్మ అయితే "పీడా పోయింది" అంది. పోయినవాళ్ల గురించి అలా అనకూడదు. కానీ కారణాలున్నాయి.

మా అన్నయ్య మిలటరీలో ఉండేవాడు. మా జిల్లాలో అదేం వింత కాదు, పంట పోతే వలస, లేదంటే మిలటరీ. 1987 జులై 29న రాజీవ్‌గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మర్నాడు గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్‌గాంధీని ఒక లంక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఆ ఫొటో పేపర్లో చూసి మా మామ్మ, "శాంతి కాడే ఇలాగుంటే యుద్ధం కాడ ఏటౌద్దిరా?" అంది. ఢిల్లీలో ఆ ప్రశ్న ఎవరైనా అడిగారో లేదో. మా అన్నయ్యని మాత్రం శాంతి పరిరక్షక దళమని పేరు పెట్టి మద్రాసు నుంచి విమానంలో లంకలోని జాఫ్నాకి తోలేశారు. అక్టోబరు వచ్చేసరికి, అక్కడ విడి దేశం కోసం పోరాడే తమిళ పులుల ఆయుధాలు అప్పగించుకోవడానికి వెళ్లినవాళ్లు ఆ పులులతోనే వీధి వీధికీ పోరాడుతున్నారని రేడియోలో విన్నాం. తమరితో మా వ్యాపారం అప్పుడే మొదలైంది.

"మదర్ సీరియస్. స్టార్ట్ ఇమీడియట్లీ."

తమరు మాటకింతని లెక్కకట్టి వసూలు చేసేవారు కాబట్టి మా వైపు తల్లుల రోగాలన్నీ నాలుగు ముక్కల్లో ఇమిడిపోయేవి. ఏం జబ్బు, ఏ ఆసుపత్రి అని రాయడానికి డబ్బులేవీ? మిలటరీ కొడుకున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చావుబతుకుల మధ్య ఉండేవారు, ఊడ్పుల టైములో మరీ ఎక్కువ. మా అమ్మ సీరియస్ అయిన పూట మడిలో నడుం వంచి కలుపు తీస్తోంది. ఫారం నింపింది నేనే.

మిలటరీ వాళ్లేమీ అమాయకులు కాదు. నిజమో కాదో కనుక్కోమని ఇక్కడి అధికారులకి రాసేవారు. రెండోసారి మామ్మ వంతు. విచారణకి మనిషి వస్తున్నాడని తెలిసి ఆవిణ్ణి నులకమంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాం. బాగానే మూలిగింది. ఆయన రాసుకోవడం మొదలెట్టగానే దుప్పటి పక్కకి తోసి, "ఎండలో వచ్చినారు, భోంచేసినారేటి బాబూ?" అని లేచి పొయ్యి దగ్గరికి నడిచింది. ఆయన పనసకాయ కూరతో అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వండి వడ్డించిన రోగి పరిస్థితి విషమం అని రాసుకుని వెళ్లాడు. మహానుభావుడు.

సెలవు దొరికిందా అంటే, అది వేరే సంగతి.

ఇక క్యాంపు వైపు సంగతి. అన్నయ్య ఉత్తరాల్లో ఇక్కడా మనలాగే తాటితోపులని, లంగరులో, అంటే మిలటరీ వంటశాలలో, రొట్టెలు తినలేక చస్తున్నామని రాసేవాడు. దక్షిణాది వాడు కనక తమిళం వచ్చే ఉంటుందని పైవాళ్లు వాడినే దుబాసీగా నిలబెట్టారట. "తణ్ణి", "సాప్పాడు", అంటే నీళ్లు, భోజనం, తప్ప వాడికి ఇంకో ముక్క రాదు. ఆ రెండు మాటలతో ఎవరి దగ్గర ఏ ఆయుధాలు రాబట్టాడో నాకు తెలీదు. తాటిదుంగలూ ఇసుక బస్తాలూ వేసి గది కట్టుకున్నాం, చల్లగా ఉంటుంది అని రాస్తే, వాడికి మంచి వసతి ఇచ్చారని ఊరంతా చెప్పుకుంది అమ్మ.

ఉత్తరాలు ఆగిపోయిన ఒక నెలలో తమరొచ్చారు. "ఐ యామ్ వెల్. డోంట్ వర్రీ." పంపిన ఆఫీసు పేరు మద్రాసు అని ఉంది. లంకలో ఉండాల్సిన మనిషికి మద్రాసులో ఏం పని? ఆ ముక్క అమ్మకి చదివి వినిపించలేదు. ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకుని, పక్క మంచం వాడి చుట్టాన్ని బతిమాలి కొట్టించాడని వాడొచ్చాకే తెలిసింది. చూశారా మా కుటుంబం! ఒళ్లు బాగున్నవాళ్లం పోతున్నామని కొడితే, ఒళ్లు చిల్లులు పడ్డవాడు బాగున్నానని కొట్టాడు. తమరు రెండింటికీ ఒకే రేటు పుచ్చుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా మోశారు.

ఆ రోజుల్లోనే పక్క ఊరికి ఒకటి వచ్చింది. దాంట్లో అబద్ధం లేదు. అదే కాయితం, మీద అవే అతికించిన అక్షరాల ముక్కలు. లంకలో పోయినవాళ్లు 1,100 మందికి పైనే. ఆ తర్వాత టెలిగ్రాం సైకిలు వీధిలోకి మళ్లితే అమ్మ గుమ్మంలోకి వచ్చేది కాదు, పెరట్లోకి పోయి నిలబడేది. పీడా పోయింది అన్నది అందుకు.

పిలిచిన లంక ప్రభుత్వమే 1989లో పొమ్మంది. 1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీ వదిలింది. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మా అన్నయ్యకి స్వాగతం శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఒక రిక్షావాడు చెప్పాడు, కుంటుతున్నాడని డబుల్ రేటు అడిగి. ఇంట్లో ఎవరికీ సీరియస్‌గా లేనప్పుడు వాడు రావడం అదే మొదటిసారి. చాలా ఏళ్ల తర్వాత మామ్మ నిజంగానే పోయిన రోజు వాడు ఇంట్లోనే ఉన్నాడు, తమరి అవసరం పడలేదు.

ఇప్పుడు వాడి కొడుకు మిలటరీలో ఉన్నాడు. వీడియో కాల్ చేస్తాడు. "బాగున్నాను మామ్మా" అంటాడు, మొహమూ వెనక గోడా తప్ప ఇంకేం కనపడకుండా ఫోన్ పట్టుకుని. "అదెక్కడిరా గోడ? ఫోన్ అటు తిప్పు" అంటుంది మా అమ్మ.

సరిగ్గా అప్పుడే వాడికి నెట్‌వర్క్ పోతుంది.

ఇట్లు,
ఫారాలు నింపినవాడు