నానబెట్టాను, తోముతా

శనివారం రాత్రి కుక్కర్లో పప్పు అడుగంటింది. తప్పెవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం. (మూడు విజిళ్ళు రాగానే కట్టెయ్యమని మా ఆవిడ నాకు చెప్పిన మాట నిజమే. అదే టైమ్‌లో చివరి ఓవర్ నడుస్తోందన్నది కూడా అంతే నిజం.) అడుగున పప్పు నల్లగా అట్టలా పట్టేసింది. నేను వెంటనే స్పందించాను. కుక్కర్ నిండా నీళ్ళు పోసి, రెండు చుక్కల లిక్విడ్ వేసి, సింకు పక్కన పెట్టి, "నానబెట్టాను, కాసేపాగి తోముతా" అని అందరికీ వినపడేలా చెప్పాను.

ఇవాళ మంగళవారం. కుక్కర్ నానుతోంది.

దీని మీద ఇంట్లో రకరకాల ప్రచారాలు జరుగుతున్నందున అసలు విషయం ప్రజల ముందు పెట్టాల్సిన బాధ్యత నా మీద పడింది.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ చెల్లెలి పెళ్ళికని పది రోజులు ఊరెళ్ళింది. సరిగ్గా అప్పుడే మా అమ్మా నాన్నా ఊరి నుంచి దిగారు. సింకు ఒకటి, సిద్ధాంతాలు నాలుగు. అసలు పేచీ పేరు దగ్గరే మొదలైంది. మాది కృష్ణా జిల్లా, మేం అంట్లు తోముతాం. మా ఆవిడది వరంగల్ వైపు, వాళ్ళు బోళ్ళు తోముతారు. పై ఫ్లోర్‌లో ఉండే కడప వాళ్ళు బోకులు తోముతారు. పేరు మీదే ఏకాభిప్రాయం లేని పనికి పద్ధతి మీద ఎక్కణ్ణుంచి వస్తుంది?

మా అమ్మ ద్వైతి. సబ్బు వేరు, నీరు వేరు. ఒక బేసిన్లో తోమాలి, ఇంకో బేసిన్లో జాడించాలి, రెంటినీ కలపకూడదు. మా ఆవిడ అద్వైతి. కుళాయి తిప్పితే ఆ ధార కిందే సబ్బు, పీచు, గిన్నె, చెయ్యి అన్నీ ఒకటే. మా నాన్న హాల్లో పేపరు పట్టుకుని కూర్చునే సాక్షి చైతన్యం. డెబ్బై ఒక్క ఏళ్ళలో గ్లాసు కడిగి ఎరగడు కానీ, చప్పుడు వినే ఎన్ని నీళ్ళు పోయాయో చెప్పగలడు. "నీళ్ళు పోతున్నాయ్!" అని అక్కణ్ణుంచే హెచ్చరిస్తాడు. ఆ ఒక్క మాటతో తన వంతు పని అయిపోయిందని ఆయన నమ్మకం.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో నాన్న వైపు సైన్సు ఉంది. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు యూరప్‌లోని ఏడు దేశాల నుంచి 113 మందిని పట్టుకొచ్చి, పన్నెండు మంది తిన్న గిన్నెలూ కంచాలూ ఇచ్చి, మీ ఇంట్లో ఎలా తోముతారో అలాగే తోమండి అన్నారు. సగటున ఒక్కొక్కళ్ళకీ 103 లీటర్ల నీళ్ళు, 79 నిమిషాలు పట్టాయి. ఈ లెక్క చదివి వినిపిస్తే మా ఆవిడ కుళాయి కట్టకుండానే, "వాళ్ళింట్ల మామయ్య కూడా హాల్లనే కూసున్నడా?" అంది.

అమ్మ సిద్ధాంతంలో వరస చాలా ముఖ్యం. ముందు పాలగిన్నె, మంచినీళ్ళ గ్లాసులు. తర్వాత కంచాలు. నూనె మూకుళ్ళు ఆఖర్న. పీచులు కూడా ఒకటి కాదు. పాలగిన్నెకి ఒకటి, ఎంగిలి కంచాలకి ఒకటి, చేపల పులుసు వండిన గిన్నెకి ఇంకొకటి. పసుపుది, పచ్చది, కొబ్బరి పీచుది. ఆవిడ వచ్చిన మూడో రోజున నేను పచ్చదానితో పాలగిన్నె తోమాను. అది చేపలదట. ఆ గిన్నెలో మూడుసార్లు నీళ్ళు మరగబెట్టి పారబోసింది అమ్మ. అయినా మర్నాడు పొద్దున పాలు విరిగాయి. అసలే ఏప్రిల్, ప్యాకెట్ రాత్రంతా బయటే ఉంది. కానీ తీర్పు నా మీదే వచ్చింది. అప్పీలుకి అవకాశం ఇవ్వలేదు.

పాలగిన్నె గురించి అమ్మకి తెలిసినంత రసాయనశాస్త్రం నాకు తెలియదని ఒప్పుకోవాలి. పాలగిన్నెలో ముందు చన్నీళ్ళే పోయాలి. వేణ్ణీళ్ళు పోస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి ఇంకా గట్టిగా పట్టేస్తాయి. దోసెల పిండి గిన్నె కూడా అంతే. నూనె, నెయ్యి జిడ్డుకైతే వేణ్ణీళ్ళు. ఇదంతా ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేనైతే చదివాక కూడా అన్నిటికీ ఒకటే నీళ్ళు పోస్తాను.

కానీ బూడిద విషయంలో ఆవిడతో విభేదించక తప్పలేదు. "కట్టెల పొయ్యి బూడిదతో తోమితే గిన్నెలో మొహం కనపడేదిరా. ఈ లిక్విడ్‌తో ఏం కనపడుతుంది, ధర కనపడుతుంది" అంది. బూడిదలో ఉండే క్షారం జిడ్డుతో కలిస్తే కాస్త సబ్బు తయారవుతుంది, గరుకుదనం మిగతా పని చేస్తుంది. ఇత్తడికైతే చింతపండు, ఆ పులుపులోని ఆమ్లం చిలుముని కరిగిస్తుంది. సిద్ధాంతం బాగానే ఉంది. నాలుగో ఫ్లోర్‌లో కట్టెల పొయ్యి ఎక్కడిది? అమ్మ వాదించలేదు. సాయంత్రం కిందికి దిగి ఇస్త్రీ బండి అతని దగ్గర ఒక కవరు నిండా బొగ్గుల బూడిద తెచ్చింది. గిన్నెలు మెరిశాయి, కాదనను. రెండో రోజుకి సింకు పైపు పూడుకుపోయింది. ప్లంబర్ 400 తీసుకున్నాడు. అతను కూడా పైపులోంచి బూడిద లాగుతూ, "మా అమ్మ కూడా దీంతోనే తోమేది సార్" అని అమ్మ పక్షం చేరాడు.

ఇక తనిఖీ విధానం. అమ్మ తోమిన గిన్నె మీద వేలితో రాస్తుంది. కిర్రుమంటే పాస్. మా ఆవిడ కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూస్తుంది. నా గ్లాసులు కిర్రుమన్నాయి కూడా, వెలుతురులో బాగానే ఉన్నాయి కూడా. దొరికిపోయింది ఎక్కడంటే, పేర్ల దగ్గర. మన స్టీలు సామాన్ల మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, తారీఖు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఇస్తారు కదా. మా గృహప్రవేశానికి పెద్దత్తయ్య ఇచ్చిన గ్లాసుల మీద ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంటుంది. నేను తోమాక ఆ చుక్కల్లో సబ్బు ఆరిపోయి, పేరు తెల్లటి అక్షరాలతో, మునుపెన్నడూ లేనంత స్పష్టంగా చదవడానికి వచ్చింది. నాకైతే అది ఆవిడకి జరిగిన గౌరవంలా అనిపించింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. అదే అసలు సమస్య. బుట్టలోంచి ఆ గ్లాసులు ఒక్కొక్కటే తీసి, మళ్ళీ సింకులో పెట్టి, మళ్ళీ తోమింది. తిట్టొచ్చు, దెప్పొచ్చు, పుట్టింటికి ఫోన్ చేసి చెప్పొచ్చు. ఒకళ్ళు తోమినదాన్ని వాళ్ళ కళ్ళముందే మాట్లాడకుండా మళ్ళీ తోమడం కంటే పెద్ద అవమానం సంసారంలో ఉందా? అప్పుడు నేను మహాభారతం ఎత్తాల్సి వచ్చింది. వనవాసంలో ద్రౌపది తిని అక్షయపాత్ర కడిగేశాక దుర్వాసుడు పదివేలమంది శిష్యులతో దిగాడు. కృష్ణుడు వచ్చి ఆ పాత్రే తెమ్మని, అంచుకి అంటుకున్న మెతుకూ కూరాకూ తీసి నోట్లో వేసుకున్నాడు. ఏట్లో స్నానం చేస్తున్న దుర్వాసుడికి త్రేన్పు వచ్చింది. ద్రౌపది ఆ పాత్రని మా అమ్మ తోమినట్టు తోమి ఉంటే పాండవుల గతి ఏమయ్యేది? ధర్మం నిలబడింది సరిగ్గా తోమని గిన్నె వల్లే కదా అన్నాను.

"అయితే దుర్వాసుడు వచ్చినప్పుడు చెప్పున్రి, గీ గిలాసల్నే నీళ్ళిద్దాం" అంది మా ఆవిడ.

ఇక్కడ చప్పుడు గురించి కూడా చెప్పాలి. మా ఇంట్లో గిన్నెలు తోమే చప్పుడు కూడా ఒక భాషే. గరిటెలు గలగలమంటే మామూలు రోజు. కంచం మీద కంచం ఠంగుమంటే ఎవరి మీదో కోపం. ఏ చప్పుడూ లేకుండా మెత్తగా తోముతుంటే ఆ రోజు నేను ఆఫీసు నుంచి లేటుగా రావడమే మంచిది. అమ్మ చెయ్యి పడ్డ రోజు మా ఆవిడ, మా ఆవిడ చెయ్యి పడ్డ రోజు అమ్మ ఈ చప్పుళ్ళని చక్కగా తర్జుమా చేసి నాకు చెబుతుంటారు.

యంత్రం కొనొచ్చుగా అనేవాళ్ళకి ఒక సంగతి. అమెరికాలో జోసెఫిన్ కోక్రన్ అనే ఆవిడ 1886లో గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంటు తీసుకుంది. పాపం ఆవిడేమీ తోమలేక చేసింది కాదు, ఇంట్లో పనివాళ్ళు పింగాణీ కంచాల అంచులు విరగ్గొడుతున్నారని చేసింది. తోమే పద్ధతి నచ్చక పోట్లాట పేటెంటు ఆఫీసు దాకా తీసుకెళ్ళిందన్నమాట. మా అమ్మ కంటే ఒక మెట్టు పైన. అదే అమెరికాలో ఉంటున్న మా బావమరిది ఇంట్లో ఆ యంత్రం ఉంది. వాళ్ళు గిన్నెలన్నీ చేత్తో తోమి అందులో ఆరబెట్టుకుంటారు.

మగవాళ్ళని ఈ రంగంలోకి తేవడానికి మార్కెట్ కూడా శక్తివంచన లేకుండా కృషి చేసింది. 2022 డిసెంబర్లో విమ్ వాళ్ళు మగవాళ్ళ కోసమంటూ నల్ల సీసా తెచ్చారు. జనం ఏకిపారేశాక, లోపలున్నది పాత లిక్విడే, సీసానే కొత్తది, ఇదంతా తమాషాకి అన్నారు. నేను మాత్రం సీరియస్‌గానే తీసుకున్నాను. అంతకుముందు 2015లో ఫ్లోరిడాలో 51 మంది విద్యార్థులతో గిన్నెలు కడిగించి చూశారు. సబ్బు వాసన, నీళ్ళ వెచ్చదనం, చేతిలో గిన్నె స్పర్శ, వీటి మీద మనసు పెట్టి కడిగినవాళ్ళకి టెన్షన్ 27 శాతం తగ్గిందట. ఈ సంగతి అమ్మకి చెబితే, "మరింకేం, నాకు యాభై ఏళ్ళుగా టెన్షనే ఉండకూడదు" అంది.

ఇప్పుడు అసలు అభియోగానికి వస్తాను. నేను గ్లాసులూ చెంచాలూ తోమి, కుక్కర్, మూకుడు, అడుగంటినవి అన్నీ "నానబెట్టాను" అని వదిలేస్తానట. ఆడవాళ్ళు నానబెడితే పావుగంట, నేను నానబెడితే పంచవర్ష ప్రణాళిక అట. కేంద్రం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే కూడా తెచ్చి నా ముందు పెట్టారు. ఇంటి పనులకి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్ళు 88 నిమిషాలట. అదీ ఇంటి పని చేసేవాళ్ళని మాత్రమే లెక్కేస్తే. మా నాన్నలాంటి వాళ్ళు ఆ లెక్కలోకే రారు.

ఆ సర్వేలో ఒక అన్యాయం ఉంది. నానబెట్టిన సమయాన్ని మా ఖాతాలో వెయ్యలేదు. వేస్తే నా ఒక్క కుక్కరే ఈ మూడు రోజుల్లో 4,320 నిమిషాలు. 289 ఎక్కడ, ఇది ఎక్కడ?

నానబెట్టడం సోమరితనమని ఎవరన్నారు? ఈ దేశం నడిచేదే దాని మీద. పోలవరానికి 1981లో శంకుస్థాపన చేశారు. పని ఆగిందని ఏ ప్రభుత్వమైనా ఒప్పుకుందా? శరవేగంగా సాగుతోందనే కదా అంటారు. చట్టసభల్లో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్ల బిల్లు 1996లో నీళ్ళు పోసి పెట్టారు. 2023లో తోమారు. అంత నానాక తోమితే ఎంత తేలిగ్గా వచ్చిందంటే, లోక్‌సభలో వద్దన్నవాళ్ళు ఇద్దరే. తోమిన వెంటనే వాడేస్తారా మరి? జనగణన అవ్వాలి, పునర్విభజన అవ్వాలి అని అప్పుడే బోర్లించి పెట్టారు. ఇరవై ఏడేళ్ళు ఓపిక పట్టిన జాతి నా కుక్కర్‌కి మూడు రోజులు ఇవ్వలేదా?

ఈ మాట నిన్న రాత్రి భోజనాల దగ్గర గట్టిగానే అడిగాను. అమ్మా, మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పది రోజుల్లో వాళ్ళిద్దరూ ఒక విషయం మీద ఏకమవడం అదే మొదటిసారి. "అమ్మాయ్, వాడు తిన్న కంచం కూడా వాడినే నానబెట్టుకోమను" అంది అమ్మ. నాన్న వెంటనే తన కంచం తీసుకుని, జీవితంలో మొదటిసారి సింకు దాకా నడిచి, అందులో నీళ్ళు పోసి వచ్చేశాడు. నా సిద్ధాంతానికి దొరికిన మొదటి శిష్యుడు ఆయనే.

ఇంతవరకు రాసేసరికి కాలింగ్ బెల్ మోగింది. పనిచేసే ఆవిడ పెళ్ళి నుంచి వచ్చేసింది, చేతికి ఇంకా పసుపు ఉంది. పెళ్ళి లడ్డూలు అమ్మ చేతికిచ్చి, కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది. మేం నలుగురం నాలుగు పద్ధతుల్లో పోట్లాడి తోమి బోర్లించిన గిన్నెల బుట్టని ఒకసారి అటూ ఇటూ చూసింది. ఒక్క మాట అనకుండా బుట్ట మొత్తం ఎత్తి సింకులో కుమ్మరించింది. అమ్మా, మా ఆవిడా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు తప్ప నోరు మెదపలేదు.

తర్వాత ఆవిడ కళ్ళు కుక్కర్ మీద పడ్డాయి. మూత కొంచెం తీసి, వాసన చూసి, మళ్ళీ మూసేసి నా వైపు తిరిగింది.

"సార్, ఇది నానబెట్టారా, ఊరబెట్టారా?"