దార్లోనే ఉన్న ట్రాక్టర్ గారికి

అయ్యా,

నమస్కారం. తమరు క్షేమంగా దార్లోనే ఉన్నారని తలుస్తాను. హంద్రీ ఏట్లోంచి మేం ఏరిన చెత్త సంచులు ఎత్తుకెళ్ళడానికి తమరు వస్తారని ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే "బయల్దేరింది సార్" అన్నారు. పదిన్నరకు "దోవలో ఉండాది" అన్నారు. పన్నెండుకు "ఐదు నిమిషాలు సార్, డ్రైవరు టీ తాగుతాండాడు" అన్నారు. ఈరోజు బుధవారం. కల్లూరు నుంచి మా కర్నూలు పాతబస్తీ దాకా పొర్లుదండాలు పెట్టుకుంటూ వచ్చినా సోమవారానికి చేరాలి. తమకేమైనా అయ్యిందేమోనని టెన్షన్ పడి ఈ ఉత్తరం రాస్తున్నాను.

హంద్రీ గట్టు మీది నడకదారి గురించి తమకు కొత్తగా చెప్పేదేముంది. అసలు అక్కడొక నడకదారి ఉందన్న సంగతే మాకు రెండు నెలల కిందట, కంపచెట్లు కొట్టాక తెలిసింది. పారతో మట్టి గీకితే సిమెంటు పలకలు, వాటి పక్కన దాత పేరు చెక్కిన బెంచీ. కూర్చునే చోటు విరిగిపోయింది, పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

మొన్న పద్దెనిమిది మందిమి, ఎండెక్కేలోపు ముగించాలని ఆరుకే దిగాం. దొరికినవన్నీ చెప్పి తమ టీ చెడగొట్టను. 2022 జులై 1న దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ గ్లాసులూ స్పూన్లూ మా హంద్రీలో మాత్రం నిండు నూరేళ్ళు వర్ధిల్లుతున్నాయి. చికెన్ అంగళ్ళ ఈకలు, సెలూన్ల వెంట్రుకలు. ఇంట్లో ఉంచుకోలేక, చెత్తబుట్టలో వేస్తే పాపమని నదికి అప్పగించిన దేవుడి పటాలు, అద్దాలతో సహా. ఏటిలో వేస్తే పుణ్యమట. ఆ అద్దం ముక్క నా చెప్పులోంచి అరికాల్లోకి దిగింది కాబట్టి అందులో నాకూ వాటా రావాలి. ఇక ఒక చీర. ఒండ్రులో కూరుకుపోయి కొంగు మాత్రమే పైకి కనిపిస్తోంది. ఒకరు లాగితే రాలేదు, ఇద్దరం పట్టాం, తర్వాత నలుగురం. లాగేకొద్దీ వస్తూనే ఉంది, నల్లగా, జిడ్డుగా, ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేకుండా. దుశ్శాసనుడు ఎందుకు కూలబడ్డాడో ఆరోజు అర్థమైంది. నీళ్ళు పీల్చుకున్న ఆ ఒక్క చీరకే బియ్యం సంచి నిండిపోయి ఇద్దరు మోయాల్సి వచ్చింది.

మొత్తం 41 సంచులు. మూతులు తాడుతో కట్టి, గట్టు మీద వరసగా పేర్చి, ఉగ్గాని బజ్జీ తిని, తమ కోసం కూర్చున్నాం.

కూర్చోవడమంటే తమకు తెలియదు, తమరెప్పుడూ దార్లోనే ఉంటారు కదా. పదింటికి అందరం ఉన్నాం. పదకొండుకు ఇంటర్ పిల్లలు ట్యూషనని వెళ్ళారు. పన్నెండుకు ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన వాళ్ళు వెళ్ళారు. ఒంటిగంటకు మిగిలింది నేనూ, రిటైరైన లెక్కల మాస్టారూ, ఒక కంపచెట్టూ. ఆ చెట్టును కూడా కొట్టెయ్యాలని ముందువారమే అనుకున్నాం, బద్ధకించి వదిలేశాం, ఇప్పుడు దాని నీడలోనే తల దాచుకున్నాం. ఐదు నిమిషాలకో టీ చొప్పున తమ డ్రైవరు ఇప్పటికి ఎన్ని లీటర్లు తాగి ఉంటాడో మాస్టారు పుల్లతో మట్టిలో లెక్క వేయడం మొదలుపెట్టారు. రెండున్నరకు బీపీ మాత్ర గుర్తొచ్చి ఆయనా లేచారు. నేను మూడున్నర దాకా ఉన్నాను. ఎందుకున్నానంటే, లేచి రెండడుగులు వేయగానే తమరు వస్తారేమోనని!

సోమవారం పొద్దున పందులు వచ్చాయి. పాపం, ఫోన్ చేసి పిలవక్కర్లేకుండానే వచ్చాయి. వాటి పనితనం దగ్గరుండి చూశాను. మేం అంత గట్టిగా కట్టిన తాడు జోలికే పోవు. సంచి అడుగున కుట్టు ఉంటుంది చూడండి, అక్కడ ముట్టెతో రెండు పోట్లు. కుట్టు పర్రున విడిపోయి, పెళ్ళి విస్తరాకులూ గ్లాసులూ గట్టు వాలు మీదుగా జారి, ఆదివారం ఏ గుంటలోంచి తీశామో సరిగ్గా ఆ గుంటలోకే. 41లో మిగిలినవి 16.

ఏట్లో నీళ్ళే లేవు కదా, తొందరేముందని తమరు అనవచ్చు. పైన కోడుమూరు దిక్కు ఒక్క రాత్రి గట్టి వాన పడితే చాలు, ఆ చెత్తంతా తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర వెళ్ళి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది, అక్కడి నుంచి శ్రీశైలం జలాశయం. ఆ జలాశయం నీళ్ళనే మాల్యాల దగ్గర మోటార్లతో ఎత్తి అనంతపురం దిక్కు పంపుతారు. ఆ పథకం పేరేమిటి? హంద్రీ-నీవా. అంటే హంద్రీ పేరు మీద కృష్ణ నీళ్ళు పోతాయి, హంద్రీకి మాత్రం మన గ్లాసులు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు మా కింది వాటాలో ఫ్యాను రెక్కలకు బురద అంటింది. మనం ఇచ్చింది తిరిగి ఇచ్చేయడం ఆ ఏటికి బాగా తెలుసు.

సరే, ఇదంతా ఓర్చుకునేవాణ్ణి. నిన్న సాయంత్రం రాజ్‌విహార్ సెంటర్లో తమ దర్శనమైంది. ట్రాలీ నిండా మీటింగు కుర్చీలు, పైన చుట్టిన ఫ్లెక్సీ. విప్పి కడుతుంటే నిలబడి చూశాను. తమను పంపిస్తానని మాట ఇచ్చిన పెద్దమనిషి, చేతిలో ధర చీటీ కూడా తీయని కొత్త చీపురు, వెనక మా 41 సంచులు. ఆదివారం ఎనిమిదింటికి వచ్చి ఆరు నిమిషాలు ఉన్నారు, అప్పుడు తీయించుకున్న ఫోటో. అంచున మాస్టారి మోచెయ్యి కూడా పడింది.

ఏమయ్యా, కుర్చీలు మోయడానికి డీజిల్ ఉంటుంది, ఫ్లెక్సీ మోయడానికి డ్రైవరు ఉంటాడు, కూతవేటు దూరంలో ఉన్న సంచులు ఎత్తాలంటే మాత్రం టీ తాగుతుంటావా? కుదరదని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? తలా యాభై వేసుకుని ఆటో పిలుచుకునేవాళ్ళం. పిల్లలు ఎంత బురద పిసికారో తెలుసా నీకు? ఆ ఫ్లెక్సీ పది రోజుల్లో గాలికి చిరిగి ఎక్కడికి కొట్టుకొస్తుందో నాకు తెలుసు. తీయాల్సిందీ మేమే.

నిన్ను తిట్టి ఏం లాభంలే, స్టీరింగ్ నీ చేతిలో లేదు. మొదటి ఆదివారం నువ్వు నిజంగానే వచ్చావు, ముందు బంతిపూల దండ, టైరు కింద నిమ్మకాయ. 12 సంచులతో గట్టు ఎక్కలేక గుప్పుగుప్పున పొగ కక్కుతుంటే చిన్నాపెద్దా అందరం వెనక చేరి నెట్టాం. ఎక్కావు. మాస్టారు విజిల్ కూడా వేశారు, ఆయనకు విజిల్ వచ్చని ఆరోజే తెలిసింది.

ఈ ఆదివారానికి ఆటో మాట్లాడాం, ట్రిప్పుకు ఆరు సంచులు. నువ్వు దార్లో ఉంటే అలాగే ఉండు. ఒకవేళ దారి మర్చిపోయి ఉంటే గుర్తు చెప్తాను: ఆ కంపచెట్టు ఇంకా అక్కడే ఉంది. కొట్టొద్దని తీర్మానించాం. నీకోసం ఎదురుచూడాలంటే నీడ కావాలి కదా.

ఇట్లు,
సంచుల కాపలాదారు