బంగారంలాంటి చదువులు బ్యాండు పాలు

పిల్లల చదువుల గురించి బెంగపడే ప్రతి తల్లీతండ్రీ 1970లో లండన్‌లో జరిగిన ఘోరం గురించి తెలుసుకోవాలి. ఆ ఏడాది క్వీన్ అనే రాక్ బ్యాండ్ మొదలైంది. మరుసటి ఏడాదికి నలుగురూ కుదురుకున్నారు. చదువు అబ్బక గిటారు పట్టినవాళ్లయితే ఈ వ్యాసం రాయాల్సిన పనే లేదు. గిటారిస్టు బ్రయాన్ మే ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ డెంటల్ సీటు సంపాదించినవాడు. బేస్ గిటారు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్‌లో ఫస్ట్ క్లాస్ కొట్టాడు. ఇక పాటగాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చదివింది గ్రాఫిక్ డిజైన్. సరే, ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు.

ఆ ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లాడు. తల్లిదండ్రులు మహారాష్ట్రలోని పాంచ్‌గనిలో బోర్డింగ్ స్కూల్లో వేస్తే, అక్కడే తోటి పిల్లల్ని పోగేసి హెక్టిక్స్ అని బ్యాండ్ పెట్టాడు. హాస్టల్లో పడేస్తే వాడే దారికొస్తాడనుకునేవాళ్లు కాస్త ఆలోచించుకోవాలి.

బ్రయాన్ విషయంలో మాత్రం తప్పంతా తండ్రిదే. గిటారు కొనే స్తోమత లేకపోతే అంతటితో ఊరుకోవచ్చుగా? ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి కదా, 1963లో కొడుకుతో కలిసి ఇంట్లోనే గిటారు చేయడానికి కూర్చున్నాడు. పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో మెడ చెక్కారు. అందులో పురుగు తొలిచిన కన్నాలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. పాత మోటార్‌సైకిల్ స్ప్రింగులు బిగించారు. అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు, ఆవిడ అల్లిక సూది ముక్క కూడా అందులోకే వెళ్లాయి. ఇంతా చేసిన తండ్రి, 1974లో కొడుకు పీహెచ్‌డీ వదిలేశాడని ఎంతో బాధపడ్డాడు. ఆ గిటారును కుర్రాడు ఆరు పెన్నీల నాణెంతో మీటాడు. చిల్లర డబ్బులంటే ఎంత లెక్కలేనితనమో చూడండి.

అదే ఏడాది 'కిల్లర్ క్వీన్' పాట బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి ఎక్కింది. హిట్టయితే డబ్బులొస్తాయని జనం అమాయకంగా అనుకుంటారు. జీతం రాళ్లు మాత్రం మేనేజ్‌మెంటు విదిల్చినన్నే. డీకన్ ఇల్లు కొనుక్కోవడానికి 4,000 పౌండ్లు అడ్వాన్సు అడిగితే లేదు పొమ్మన్నారు. అదే ఎలక్ట్రానిక్స్ ఉద్యోగంలో ఉండి ఉంటే బ్యాంకు లోనైనా వచ్చేది.

అసలు తెగింపు 1975లో చూపించారు. రేడియోలో పాటంటే మూడు నిమిషాలు. అది పెద్దలు పెట్టిన పద్ధతి. వీళ్లు 5 నిమిషాల 55 సెకన్ల 'బొహీమియన్ రాప్సొడీ' పట్టుకొచ్చారు. పల్లవి లేదు. మొదట ఏడుపు, మధ్యలో ఒపేరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం), చివర రాక్. గెలీలియో వస్తాడు, ఫిగరో వస్తాడు, "బిస్మిల్లా" అంటారు. ఇదంతా ఏమిటని అడిగితే ఫ్రెడ్డీ చివరిదాకా సరిగ్గా చెప్పలేదు. ఆ ఒపేరా ముక్క కోసం డీకన్ తప్ప మిగతా ముగ్గురూ రోజుల తరబడి గొంతు మీద గొంతు ఎక్కిస్తూ పాడితే, టేపు అరిగి అవతలి వెలుతురు కనబడిందట. ఇంత పొడుగు పాట నడవదని రికార్డు కంపెనీ పెద్దలు అనుభవంతో చెప్పారు, వీళ్లు పెడచెవిన పెట్టారు. పైగా కెనీ ఎవరెట్ అనే రేడియో జాకీ, చేతికొచ్చిన కాపీని ఒక్క వారాంతంలో 14 సార్లు వేశాడు. ఫలితం ఏమైంది? తొమ్మిది వారాలు నంబర్ వన్. అనుభవజ్ఞుల పరువు గంగలో కలిసింది.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది. అదే రికార్డు రెండో వైపు రోజర్ రాసిన పాట వేశారు, తన కారును ప్రేమిస్తున్నానని. జనం కొన్నది ఒపేరా పాట కోసం, రాయల్టీ మాత్రం రెండు వైపులకూ సమానం. పళ్లు పీకి ఆ డబ్బు సంపాదించాలంటే ఎన్ని దవడలు కావాలి?

1977లో 'వి విల్ రాక్ యూ'. రెండుసార్లు కాళ్లు నేలకేసి కొట్టడం, ఒకసారి చప్పట్లు, చివర్లో వచ్చే గిటారు తప్ప అంతే వాయిద్యం. నలుగురైదుగురి చప్పుడు వేలమంది చప్పుడులా వినిపించడానికి బ్రయాన్ ప్రధాన సంఖ్యల లెక్కన ప్రతిధ్వనుల దూరాలు అమర్చాడు. ఇంపీరియల్ కాలేజీలో నేర్చుకున్న లెక్కలు చివరికి చప్పట్లకు పనికొచ్చాయి.

బ్రయాన్ 2007లో సౌరకుటుంబంలోని ధూళి మీద థీసిస్ పూర్తిచేసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. కాబట్టి ఆయన్ని క్షమించవచ్చు. రోజర్‌ని మాత్రం క్షమించలేం. ఫ్రెడ్డీ నోట్లో నాలుగు అదనపు పళ్లుండేవి, పైపళ్లు ముందుకొచ్చేవి. సరిచేయిస్తే గొంతు మారిపోతుందని అతను భయపడ్డాడు. బ్యాండ్‌లోనే డెంటల్ స్టూడెంట్ ఉండి, ఇరవై ఏళ్లు పక్కనే కూర్చుని, ఒక్క పన్ను పీకలేదు.